సవరణ: ఫ్రెంచ్ అంకెల చివరి హల్లు గురించి

ఫ్రెంచ్ అంకెల మీద కిందటి పోస్టులో "చివరి హల్లు పలకదు" అని ఒక్క ముక్కలో ఉంది. విడిగా పలికే 2, 3లకు అది సరిపోతుంది కానీ, 5 నుంచి 10 వరకు కుదరదు.

అసలు చిక్కంతా 6, 10లతోనే. ఒంటరిగా అంటే సిస్, దిస్. వెంటనే హల్లుతో మొదలయ్యే నామవాచకం వస్తే సి, ది. ఆరు పుస్తకాలు 'సి లివ్ర్'. అచ్చు వస్తే 'జ' వచ్చి చేరుతుంది. ఆరుగురు స్నేహితులు 'సిజామి'. మన సంధిలాగే అనుకోండి. 8 కూడా హల్లు ముందు చివరి 'త'ను వదిలేస్తుంది. 5లోని 'క'ను హల్లు ముందు వదలడం పాత పద్ధతి, ఇప్పుడు చాలామంది పలికేస్తున్నారు, టెన్షన్ అక్కర్లేదు. 7కి (sept) ఈ గొడవే లేదు: రాతలో ఉన్న 'ప' ఎప్పుడూ పలకదు, 'త' ఎప్పుడూ పలుకుతుంది.

9లో చివరిది 'ఫ'. ఏళ్లు, గంటలు చెప్పేటప్పుడు మాత్రం 'వ' అవుతుంది: నవాఁ, నవర్. (అరసున్న ఇన్నాళ్లకు పనికొచ్చింది!)

20 విడిగా 'వ్యాఁ'. 21 నుంచి 29 దాకా అందులో 'త' వినిపిస్తుంది, 81 నుంచి 99 దాకా మళ్లీ వినిపించదు.

ఇంకొకటి. కిందటి పోస్టులో 7, 8లకు సెట్, ఉయిట్ అని రాసిన చోట్ల సెత్, ఉయిత్ అని చదవండి. ఫ్రెంచ్ వాళ్ల 't' శబ్దం పళ్లకు తగులుతుంది, మన 'త'కే దగ్గర.