మా యూనివర్సిటీ షేర్డ్ క్యాలెండర్ గారికి, నెల్లూరు నుంచి

అయ్యా క్యాలెండర్ గారూ,

నమస్కారం. బాగుండారా? మీకేం తక్కువ, పరీక్షలు ఎరుపు, సెమినార్ హాల్ ఊదా, పెద్దోళ్ల మీటింగులు పసుపు, చవితి పందిరి మాదిరి కళకళలాడతా ఉండారు.

మీరు వచ్చేటప్పుడు మాకు చెప్పిందేందంటే ఇంక ఎవురూ ఎవురికీ ఫోన్ చేసి అడగబళ్లా, ఎవురు ఎప్పుడు ఖాళీనో అందరికీ కనపడతాదని. కనపడతానే ఉండాది, కాదన్లా. నాకైతే బిజీ అని ఒక బూడిదరంగు డబ్బా కనపడతాది, లోపల ఏముందో కనపడదు, ఎందుకంటే నేను కాంట్రాక్టు లెక్చరర్ని, నాకిచ్చిన పర్మిషన్ అంతవరకే. వివరాలు చూసేది రెగ్యులర్ వాళ్లు, మార్చేది హెచ్ఓడీలు, ఎవురికి ఏం కనపడాలో తేల్చేది పై ఆఫీసు. స్టాఫ్ రూంలో కుర్చీలు ఏ వరసలో ఉండాయో అదే వరస తేడా రాకుండా కంప్యూటర్లోకి ఎక్కించారు చూడండి, అందుకు మాత్రం మిమ్మల్ని మెచ్చుకోవాల.

ఇంకో మంచి కూడా చెప్పాల. మీరు వచ్చినాక మా దగ్గర పరిశోధన అమాంతం పెరిగిపోయింది సామీ. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా డిపార్టుమెంట్లో సగం మందికి "రీసెర్చ్ వర్క్", ప్రతి వారం రిపీట్, ముగింపు తేదీ లేదు. ఇన్విజిలేషన్ డ్యూటీలు వేసే సారు ఖాళీ డబ్బా కనపడితే చాలు పేరు రాసేస్తాడు గదా, అందుకని. ఆ రీసెర్చ్ క్యాంటీన్లో జరుగుతాది, ఒక సారుదైతే మాగుంట లేఅవుట్లో కట్టిస్తా ఉండే ఇంటికాడ జరుగుతాది, స్లాబ్ వేసిన రోజు ఆ డబ్బా పొద్దున్నుంచి సాయంత్రం దాకా సాగింది.

మీటింగ్ పిలుపు వస్తే మూడు బటన్లు, వస్తా, రాను, రావచ్చు. వీసీ గారి మీటింగుకి "రాను" నొక్కే ధైర్యం ఎవురికుంది, ఆ నొక్కింది అందరికీ కనపడతాది పైగా. కాబట్టి అందరూ నొక్కేది "రావచ్చు". టీ ఎంతమందికి చెప్పాలో తెలీక అటెండరన్న రూము రూముకీ వచ్చి సార్ నిజంగా వస్తారా మేడం నిజంగా వస్తారా అని అడుగుతా తిరుగుతాడు, ఫోన్లు తప్పించినారు గానీ ఆయన మోకాళ్లు అరిగిపోతా ఉండాయి.

ఏప్రిల్లో పీహెచ్‌డీ వైవా ఒకటి మా ఫోన్లలో రాత్రి పదిన్నరకి పడింది. ఎక్స్‌టర్నల్ సారు పాపం తిరుపతి నుంచి ఫోన్ చేసి "భోంచేసి రావాల్నా" అన్నాడు. తీరా చూస్తే వైవాని పొద్దున పదికని ఎక్కించిన ల్యాబు కంప్యూటర్ గడియారాన్ని ఎవురో చేత్తో తిప్పి మన టైముకి తెచ్చి, టైంజోను మాత్రం అమెరికా పసిఫిక్‌లోనే ఉంచేశారు, అక్కడి పొద్దున పది మనకి రాత్రి పదిన్నర.

రొట్టెల పండగ సంగతి ఇంకా ఘోరం. 2024లో పండగ జులై 17న మొదలయింది, ఎవురో దాన్ని ఏటేటా రిపీట్ అని పెట్టేశారు. 2025లో జులై 6కే జనం స్వర్ణాల చెరువు కాడికి పోటెత్తినారు, ట్రాఫిక్ మళ్లించినారు, మీరు మాత్రం 17 దాకా ఉలకలా పలకలా, 17న "పండగ" అని గంట కొట్టారు. మొహర్రం నెలవంకని బట్టి వస్తాది, ఏటికి పది పదకొండు రోజులు ముందుకి జరుగుతాది, ఇక్కడ పుట్టిన పిల్లోడికి కూడా తెలుసు. మీ జాతి వాళ్లంతా ఒకరి మాట ఒకరికి అర్థమయ్యేట్టు 1998లో ఐక్యాలెండర్ అని పద్ధతి రాసుకున్నారు, చాంద్రమానం లెక్కలకి 2015లో దానికి ఇంకో ముక్క కూడా కలిపారు, ఆ ముక్క ఇంకా మా గేటు దాటి లోపలికి రాలా.

ఇంక అసలు విషయం. సెమినార్ హాల్ మీ దగ్గర నా పేరు మీద బుక్ అయుండాది, ఊదా డబ్బా, కన్ఫర్మ్ అని మెయిలు కూడా వచ్చింది. పిల్లల్ని తీసుకోని పోతే లోపల వేరే డిపార్టుమెంట్ ఫేర్‌వెల్ పార్టీ, స్పీకర్లు, డాన్సులు. అదేందన్నా అంటే అటెండరన్న బల్ల కింద నుంచి నల్ల అట్ట రిజిస్టర్ తీసి చూపించినాడు, వాళ్ల హెచ్ఓడీ టీ తాగతా నోటిమాటగా చెప్పాడంట, ఈయన పెన్నుతో రాశాడు. ఫోన్ తీసి మిమ్మల్ని చూపిస్తే "అది మీ ఫోన్లో సార్, తాళంచెవి నా జేబులో" అన్నాడు, దానికి మీ దగ్గరేమన్నా బటన్ ఉంటే చెప్పండి.

ఈసారి పండగకి చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె కాదు, చెరువులో దిగి సెమినార్ హాల్ రొట్టె ఎవురిస్తారయ్యా అని అడుగుతా. కోరిక తీరినోళ్లే గదా రొట్టె ఇచ్చేది, అట్టాంటోళ్లు మా క్యాంపస్‌లో ఒక్కరన్నా ఉంటే రోజు, టైము మీరే చెప్పండి.

ఇట్లు,
ఒక కాంట్రాక్టు లెక్చరర్