ఓడిపోవడం కూడా చేతకాని జట్టు

షికాగో వైట్ సాక్స్ బేస్‌బాల్ జట్టు మీద నాకున్న కోపం 2024లో వాళ్ళు ఓడిపోయారని కాదు. ఓడినవాళ్ళను తిట్టే అలవాటు నాకు లేదు. 2008 ఐపీఎల్‌లో మన డెక్కన్ ఛార్జర్స్ 14 మ్యాచులాడి రెండే గెలిచి అట్టడుగున కూర్చుంటే ఏమైనా అన్నామా? (అన్నాం. మరుసటి ఏడు కప్పు తెచ్చారు కాబట్టి అన్నట్టు గుర్తు లేదు.) నా అభ్యంతరం వేరు. ఓడడానికైనా ఒక నిబద్ధత ఉండాలి, మొదలుపెట్టిన పని చివరిదాకా చెయ్యాలి. వైట్ సాక్స్ అక్కడే నమ్మకద్రోహం చేశారు.

బేస్‌బాల్ తెలియనివాళ్ళ కోసం కాస్త లెక్క. అమెరికాలో ఒక్కో జట్టు సీజన్‌కి 162 మ్యాచులు ఆడుతుంది. మార్చి చివర మొదలుపెడితే సెప్టెంబర్ చివరిదాకా దాదాపు రోజూ ఉద్యోగానికి వెళ్ళినట్టు వెళ్ళి ఆడి రావాలి. ఇన్ని మ్యాచుల్లో ఎంత చెత్త జట్టయినా అరవయ్యో డెబ్భయ్యో గెలుస్తుంది, గాలివాటంగానైనా. వైట్ సాక్స్ గెలిచినవి 41. ఓడినవి 121. ఆధునిక బేస్‌బాల్ లెక్క మొదలయ్యే 1901 నుంచి ఒక్క సీజన్‌లో ఇన్ని ఓడిన జట్టు ఇంకోటి లేదు. ఏడాది మొత్తం వాళ్ళు చేసిన రన్నులు 507, ఎదుటివాళ్ళకు ఇచ్చినవి 813. తాము పస్తుండి వచ్చినవాళ్ళకు విస్తరి నిండా వడ్డించి పంపే మనుషులు ఈ కాలంలో ఎక్కడున్నారు?

వాళ్ళ స్టేడియం పేరు అప్పట్లో గ్యారంటీడ్ రేట్ ఫీల్డ్. ఇళ్ళ అప్పులిచ్చే కంపెనీ పేరు అది. ఆ కంపెనీ గుర్తులో ఎర్ర బాణం ఒకటుండేది, కిందికి చూస్తూ. జట్టు వాళ్ళు దాన్ని ఆదేశంగా తీసుకున్నారేమో.

మొదట్లో బాగానే ఆశ పెట్టారు. తొలి 25 మ్యాచుల్లో 22 ఓడారు. మే, జూన్‌లలో వరసగా 14 ఓడారు. ఇక జులై 10 నుంచి ఆగస్టు 5 దాకా వరసగా 21. అమెరికా బేస్‌బాల్‌లోని రెండు పెద్ద లీగుల్లో వీళ్ళది అమెరికన్ లీగ్. అందులో వరస ఓటముల రికార్డు 1988 నుంచి బాల్టిమోర్ ఓరియోల్స్ పేరు మీద ఉంది. అదీ 21. ఇంకొక్కటి ఓడితే రికార్డు సొంతం. ఏం చేశారో తెలుసా? ఆగస్టు 6న ఓక్లండ్ వెళ్ళి 5-1తో గెలిచి కూర్చున్నారు. సొంతిల్లు కావాల్సింది ఉమ్మడి ఆస్తయి మిగిలింది.

దీనికి బాధ్యుడెవరో తేల్చాల్సిందే కదా, రెండు రోజులకే మేనేజర్ (మన క్రికెట్ భాషలో కోచ్) పేద్రో గ్రిఫోల్‌ను తీసేశారు. 21 ఓడుతున్నంత కాలం ఆయన కుర్చీ కదల్లేదు. గెలిచాక పోయింది. మధ్యలో ఇంకో మ్యాచ్ ఓడారనుకోండి, కానీ అది అలవాటులో భాగం. అప్పటికి ఆయన లెక్క 28 గెలుపులు, 89 ఓటములు. తర్వాత తాత్కాలికంగా వచ్చిన గ్రేడీ సైజ్‌మోర్ 45 మ్యాచుల్లో 13 గెలిపించాడు. ఎవరూ ఈ కూడిక చెయ్యలేదు కాబట్టి నేనే చేశాను. గ్రిఫోల్ వేగంతోనే పోనిచ్చి ఉంటే మొత్తం గెలుపులు 39 దాటేవి కావు. ఆ తేడా ఎంత ముఖ్యమో కింద చెప్తాను.

పనిలో పనిగా మే 23 సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఆ రోజు అంపైర్లు కూడా తలో చెయ్యి వేశారు. ఎదురుగా అదే బాల్టిమోర్. తొమ్మిదో ఇన్నింగ్స్, అంటే ఆఖరిది. వైట్ సాక్స్ 8-6తో వెనకబడి ఉన్నారు, ముగ్గురు అవుటైతే ఇన్నింగ్స్ ముగుస్తుంది, అప్పటికి ఒక్కరే అవుటయ్యారు, బేసుల మీద ఇద్దరున్నారు. వైట్ సాక్స్ బ్యాటర్ బెనిన్టెండీ కొట్టిన బంతి దూరం పోకుండా నిటారుగా గాల్లోకి లేచింది. ఇలాంటప్పుడు ఇన్‌ఫీల్డ్ ఫ్లై అని ఒక రూలుంది. ఫీల్డర్ కావాలని బంతి వదిలేసి, అయోమయంలో ఉన్న రన్నర్లను ఇద్దర్నీ అవుట్ చేసే మోసం జరక్కుండా, బంతి పట్టకముందే బ్యాటర్ అవుటని ప్రకటించేస్తారు. అంటే రన్నర్లను కాపాడ్డానికి పెట్టిన రూలు. రెండో బేస్ రన్నర్ ఆండ్రూ వాన్ తన బేస్‌కి తిరిగొస్తున్నాడు. రెండో, మూడో బేసుల మధ్య నిలబడే బాల్టిమోర్ ఫీల్డర్ హెండర్సన్ అతన్ని దాటుకుని వెళ్ళి బంతి హాయిగా పట్టుకున్నాడు. అంపైర్ చెయ్యెత్తాడు. ఫీల్డర్‌కి అడ్డొచ్చాడు కాబట్టి వాన్ కూడా అవుట్. ఒకే బంతికి ఇద్దరూ పోయారు, మ్యాచ్ అయిపోయింది, అదీ ఇద్దరూ పోకూడదని పెట్టిన రూలు వల్ల. ఆ కాల్ ఇవ్వకుండా ఉండే వీలు అంపైర్‌కు ఉందని లీగ్ వాళ్ళు తర్వాత జట్టుకు చెప్పారట. చచ్చినవాడికి మందు పేరు చెప్పినట్టు.

ఇప్పుడు అసలు ఫిర్యాదుకు వస్తాను. బేస్‌బాల్‌లో ఓటమికి కొలమానం 1962 న్యూయార్క్ మెట్స్. 40 గెలిచి 120 ఓడిన జట్టు. కానీ వాళ్ళకది మొదటి ఏడాది. మిగతా జట్లు వద్దనుకున్నవాళ్ళను ఏరి తెచ్చి కట్టిన కొత్త కాపురం, ముంతలూ చెంబులూ దొర్లాయి. ఏడేళ్ళు తిరిగేసరికి 1969లో వరల్డ్ సిరీస్ (బేస్‌బాల్‌లో అతి పెద్ద కప్పు) గెలిచారు కూడా. వైట్ సాక్స్ అలా కాదు, 1901లో అమెరికన్ లీగ్ పుట్టినప్పటి నుంచీ ఉన్న జట్టు. మూడేళ్ళ కిందట 2021లో 93 గెలిచి తమ డివిజన్‌లో మొదటి స్థానంలో నిలిచిన జట్టు. అంత ఎత్తు నుంచి ఇంత లోతుకు రావాలంటే అనుభవం కావాలి.

సెప్టెంబర్ 22న శాండియేగోలో 120వ ఓటమి వచ్చింది. మెట్స్‌తో సమానం. మిగిలినవి ఆరు మ్యాచులు. అందులో మొదటి మూడూ సొంతగడ్డ మీదే, ఏంజెల్స్ జట్టుతో. ఏంజెల్స్ కూడా ఆ ఏడు తక్కువ తినలేదు, వాళ్ళూ పీకల్లోతు కష్టాల్లో ఉన్నారు. జనం చరిత్ర చూద్దామని టికెట్ కొనుక్కుని వచ్చారు. కొందరు తలకు కాగితం సంచులు తగిలించుకుని కళ్ళకు బొక్కలు పెట్టుకున్నారు. ఓనర్ జెర్రీ రైన్స్‌డార్ఫ్‌ను ఉద్దేశించి "జట్టు అమ్మెయ్యి" అని అరిచారు. ఏర్పాట్లన్నీ బ్రహ్మాండంగా ఉన్నాయి. పెళ్ళికొడుకే తప్పుకున్నాడు. మొదటి రోజు ఎనిమిదో ఇన్నింగ్స్ దాకా సక్రమంగా వెనకబడి ఉండి, అక్కడ మూడు రన్నులు చేసి 3-2తో గెలిచారు. రెండో రోజు తొమ్మిదిలో తేలక అదనంగా ఆడే పదో ఇన్నింగ్స్ దాకా లాగి మరీ 4-3తో గెలిచారు. మూడో రోజు 7-0. ఆరు నెలలుగా కనపడని పౌరుషం సరిగ్గా ఆ మూడు రోజులే పుట్టుకొచ్చింది.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. వీళ్ళు ఇంట గెలిచారు, రచ్చకు వెళ్ళి డెట్రాయిట్‌లో 4-1తో ఓడి ఆ 121 తెచ్చుకున్నారు. ఆ రాత్రి స్టేడియం దద్దరిల్లింది నిజమే, కానీ అది వైట్ సాక్స్ కోసం కాదు. అదే మ్యాచ్ గెలుపుతో డెట్రాయిట్ టైగర్స్ 2014 తర్వాత మొదటిసారి ప్లేఆఫ్స్‌కు వెళ్ళారు. శతాబ్దానికి ఒక్కసారి జరిగే సంఘటనలో కూడా వైట్ సాక్స్ పక్కింటి పెళ్ళిలో ఫొటో వెనకాల నిలబడ్డ మనుషులయ్యారు. పోనీ అక్కడైనా ఆగారా? మర్నాడూ ఆ మర్నాడూ గెలిచారు. 156 మ్యాచుల్లో 36 గెలిచినవాళ్ళు ఆఖరి ఆరింట్లో ఐదు గెలిచారు.

ఫలితం ఏమిటంటే 41-121 అంటే గెలుపు శాతం 25.3. మెట్స్‌ది సరిగ్గా 25. అంటే ఓటముల సంఖ్యలో వీళ్ళది రికార్డు, శాతంలో మెట్స్ ఇంకా కిందే ఉన్నారు. మెట్స్ కన్నా కిందికి 1916 ఫిలడెల్ఫియా అథ్లెటిక్స్ ఉన్నారు, 36 గెలిచి 117 ఓడినవాళ్ళు. ఇంకా తవ్వితే 1899లో క్లీవ్‌లండ్ స్పైడర్స్, 20 గెలుపులు, 134 ఓటములు. వాళ్ళ ముందు మనవాళ్ళు ఏ మొహం పెట్టుకుని నిలబడతారు? గ్రిఫోల్‌ను ఉంచి ఉంటే మెట్స్ నైనా దాటేవాళ్ళం.

ఓడిన జట్టుకు దక్కే పరిహారం ఒకటుంటుంది. మరుసటి ఏడు కొత్త కుర్రాళ్ళను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో చెత్త జట్లకు ముందు వరస. 121 ఓడినవాళ్ళకు మొదటి ఛాన్స్ రావాలి కదా? రాలేదు. ముందు నంబర్లు ఎవరికో లాటరీ తీసి తేలుస్తారు, పెద్ద నగరం జట్లు వరసగా రెండేళ్ళు ఆ లాటరీలో ఉండకూడదని రూలు. 2024లో వీళ్ళకు లాటరీలోనే ఐదో నంబర్ వచ్చింది, కాబట్టి 2025లో పదో నంబర్‌తో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. పరీక్షలో సున్నా వచ్చినా గ్రేస్ మార్కులకు అనర్హుడని తేల్చినట్టు.

అన్యాయం చెయ్యకూడదు, ఈ జట్టు యాజమాన్యం గట్టి మ్యాచులు గెలవలేదని అనను. 1988 జూన్ 30న గెలిచింది. అర్ధరాత్రి లోపు ఇల్లినాయ్ శాసనసభ కొత్త స్టేడియానికి డబ్బు మంజూరు చెయ్యకపోతే జట్టు ఫ్లోరిడాకు వెళ్ళిపోతుందన్నారు. గవర్నర్ జిమ్ థాంప్సన్ స్వయంగా సభలో తిరిగి ఓట్లు పోగుచేశాడు. ఓట్లు చాలేసరికి పన్నెండు దాటింది. కాగితాల మీద మాత్రం 11:59 అని రాసుకున్నారు. సమయం అయిపోయాక కూడా గెలవొచ్చని చూపించిన ఆ స్టేడియంలోనే ఇప్పుడీ ఆట. 2024లో, అదే ఓడుతున్న ఏడాదిలో, దాన్ని వదిలి ఇంకోటి కట్టుకోవడానికి సుమారు వంద కోట్ల డాలర్ల ప్రజాధనం కావాలన్న మాట బయటికొచ్చింది. అడగనిదే అమ్మైనా పెట్టదు.

1919లో ఇదే జట్టు ఆటగాళ్ళు డబ్బు తీసుకుని వరల్డ్ సిరీస్ ఓడారన్న నేరం మీద ఎనిమిది మందిని జన్మంతా నిషేధించారు. 2024లో ఎవరూ పైసా ఇవ్వలేదు. ఇది నైతికంగా పురోగతే.

ఇక మొక్కుకోవడానికి షికాగో చుట్టుపక్కల దేవుళ్ళకు కొదవ లేదు. అరోరాలో సాక్షాత్తూ వెంకటేశ్వరస్వామి గుడే ఉంది. 2025 మేలో అంతకన్నా దగ్గరి సిఫార్సు దొరికింది. కొత్త పోప్ లియో 14 షికాగోవాడు, పైగా వైట్ సాక్స్ అభిమాని. షికాగోలోనే ఉన్న ఇంకో జట్టు కబ్స్ అభిమాని అని ఎవరో పుకారు లేపితే ఆయన అన్నగారే ఖండించారు. 2005లో జట్టు కప్పు గెలిచిన వరల్డ్ సిరీస్ మొదటి మ్యాచ్‌కు ఆయన స్టేడియంలో ఉన్నారు, ఆ సీటు దగ్గర ఇప్పుడు ఆయన బొమ్మ పెట్టారు. జూన్‌లో వాటికన్‌లో వైట్ సాక్స్ టోపీ పెట్టుకుని జనం ముందుకొచ్చారు. ఆ ఏడు జట్టు 102 ఓడింది. 19 తగ్గాయి.

అన్నట్టు, "జట్టు అమ్మెయ్యి" అన్న అరుపులు కూడా వృథా పోలేదు. జస్టిన్ ఇష్బియా అనే ఆయనకు పగ్గాలు అప్పగించే ఒప్పందం అదే 2025 జూన్‌లో కుదిరింది. 2029 కన్నా ముందు కాదు. ఏడాదికి 162 మ్యాచుల చొప్పున లెక్కేసుకోండి.