బెంగళూరు ఉద్యోగార్థి నిత్యకర్మ

మారతహళ్ళి పీజీలో, ముగ్గురుండే గదిలో పై మంచం దొరికిన తెలుగువాడు లేవగానే చేయవలసిన మొదటి పని నౌకరీ అనే ఉద్యోగాల వెబ్‌సైటులోని ప్రొఫైల్లో ఒక కామా తీయడం. సాయంత్రం దాన్ని మళ్ళీ పెట్టేయాలి. నవ్వకండి. రిక్రూటరు వెతికేటప్పుడు ఈమధ్య కదలిక ఉన్న ప్రొఫైళ్ళు పైకి తేలతాయి. నాలుగు నెలలుగా ఎవరూ ముట్టుకోనివి అడుగున తపస్సు చేసుకుంటాయి. జావా వచ్చినా రాకపోయినా కామా తప్పకూడదు. తొమ్మిదిన్నర లోపల చేస్తే శ్రేష్ఠం, ఎందుకంటే రిక్రూటరు కాఫీ తాగి కూర్చునేది ఆ తర్వాతే.

ఇక రెజ్యూమె. ఫొటో, రెండు నిలువు వరుసలు, పైథాన్ పక్కన అయిదుకు నాలుగు నక్షత్రాలు ఉంటే చూడముచ్చటగానే ఉంటుంది. అయితే దాన్ని ముందు చదివేది మనిషి కాదు. కొన్ని సాఫ్ట్‌వేర్లు రెండు వరుసలనీ కలిపి అడ్డంగా చదివేస్తాయి, అప్పుడు మీరు ‘స్ప్రింగ్ బూట్ అనంతపురం క్రికెట్ 2019’ అనే అపూర్వ విద్యలో నిపుణులవుతారు. పీడీఎఫ్‌లో ఉన్నదంతా కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించి చూడండి. అక్కడ కలగాపులగంగా కనిపిస్తే యంత్రానికీ అంతే. ఒకే వరుస, ఒకే ఫాంటు, నక్షత్రాలు వద్దు. చివర స్థలం, తేదీ వేసి ‘పై వివరాలన్నీ నిజమని ప్రకటిస్తున్నాను’ అని రాసే సంకల్పం కూడా మానేయవచ్చు, ఆ ప్రమాణాన్ని నమ్మినవాళ్ళు ఇంతవరకు లేరు.

అసలు చిక్కు, రాజీనామా ఇచ్చాక కూడా పనిచేయాల్సిన నోటీసు పీరియడ్‌తో. ప్రతి కంపెనీకీ వచ్చేవాడు పదిహేను రోజుల్లో రావాలి, పోయేవాడు మాత్రం 90 రోజులు ఉండి పోవాలి. కూతురికో న్యాయం, కోడలికో న్యాయం. ‘3 నెలలు’ అని నిజం రాస్తే ఫిల్టరు దగ్గరే ఆగిపోతారు. అందుకే అనుభవజ్ఞులు ముందు రాజీనామా ఇచ్చి, ‘నోటీసులో ఉన్నాను’ అని ఆఖరి పనిదినం తేదీతో సహా పెడతారు. నలభయ్యో రోజు నుంచి ఫోన్లు మోగుతాయని వాళ్ళ నమ్మకం. మోగకపోతే పీజీ అద్దె ఎవరు కడతారన్నది రాజీనామాకు ముందే లెక్క వేసుకోండి, ఆరు నెలల ఖర్చు బ్యాంకులో లేనివాళ్ళు ఈ వ్రతం పట్టకూడదు. మిగిలిన రోజులకు డబ్బు కట్టి బయటపడే బైఅవుట్ మీద ఆశ ఉంటే మీ అపాయింట్‌మెంట్ లెటర్ తీసి చూడండి. డబ్బు బేసిక్ (మూలవేతనం) మీద కట్టాలా, గ్రాస్ (మొత్తం జీతం) మీద కట్టాలా? ‘కంపెనీ అంగీకరిస్తే’ అన్న మాట ఉందా? ఉంటే మీరు డబ్బు కట్టినా మేనేజరు వదలకపోవచ్చు. ‘ఆ డబ్బు మేమిచ్చేస్తాం’ అని కొత్త హెచ్‌ఆర్ ఫోన్లో చెప్పింది నీటిమూట, ఈమెయిల్లో రాయించుకుంటేనే లెక్క.

ఇంటర్వ్యూ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. వంటగది పక్క గది వద్దు. డిపెండెన్సీ ఇంజెక్షన్ వివరిస్తుండగా కుక్కరు మూడో కూత వేస్తుంది.

ఆఫరు లెటర్లో సీటీసీ (కంపెనీకి మీ మీద ఏడాదికయ్యే మొత్తం ఖర్చు) 12 లక్షలని కనిపించగానే ఊళ్ళో నాన్నగారు పెళ్ళిళ్ళ పేరయ్యకు ‘నెలకు లక్ష’ అని చెప్పేస్తారు. ఆయన భాగహారంలో తప్పులేదు. బేసిక్ సగం, అంటే 6 లక్షలు అనుకోండి. కంపెనీ వాటా పీఎఫ్ 12 శాతం, 72,000. గ్రాట్యుటీ 4.81 శాతం, 28,860. పర్మనెంటు ఉద్యోగి సాధారణంగా అయిదేళ్ళుంటేనే చేతికొచ్చే డబ్బది, మీరేమో రెండేళ్ళకే కామా తీయడం మొదలుపెడతారు. వేరియబుల్, అంటే ఖాయం కాని భాగం, మొత్తంలో పది శాతం, 1,20,000. కంపెనీ బాగుంటే ఇస్తారు, మేనేజరుకు మీరు బాగున్నారనిపిస్తే ఇస్తారు. ఇవన్నీ పోను 9,79,140, నెలకు 81,595. అందులోంచి మీ వాటా పీఎఫ్ 6,000, కర్ణాటక వృత్తి పన్ను 200 తీస్తే 75,395. కొత్త పన్ను విధానంలో 2025-26కు జీతగాళ్ళకు 12.75 లక్షల దాకా ఆదాయపన్ను పడదు కాబట్టి అంతమాత్రం మిగిలింది. అందుకే బేరమాడేటప్పుడు సీటీసీని వదిలేసి ‘ఫిక్స్‌డ్ ఎంత’ అని అడగండి. జాయినింగ్ బోనస్ ఇస్తామంటే ఎన్ని నెలల్లోపు మానేస్తే వెనక్కివ్వాలో చూసుకోండి. ఆ బోనస్ పన్ను పట్టుకుని ఇస్తారు, తిరిగి అడిగేటప్పుడు మొత్తం అడిగినా అడుగుతారు.

మెకానికల్ నుంచి డేటా సైన్స్‌కు మారదలచినవారు లక్ష పోసి కోర్సు కొనేముందు ఉన్న కంపెనీలో ఐజేపీ (లోపలివాళ్ళకే ఇచ్చే ఉద్యోగ ప్రకటన) ఉందేమో చూడాలి. అక్కడ నోటీసు పీరియడ్ గొడవ ఉండదు, పాత పేస్లిప్పులు ఎవరూ అడగరు. గుర్తింపు మాత్రం తక్కువ, లింక్డిన్‌లో పెట్టుకోవడానికి సర్టిఫికెట్టు ఉండదు. రెండేళ్ళ దొంగ అనుభవాన్ని ప్యాకేజీగా అమ్మే కన్సల్టెన్సీల గురించి ఒక్కమాట: మీ యూఏఎన్‌లో (పీఎఫ్ నంబరులో) సర్వీసు హిస్టరీ ఉంటుంది, అందులో పీఎఫ్ కట్టని కంపెనీ కనపడదు. ఆ ఖాళీ ఏమిటని, మీ పాత వివరాలు సరిచూసే వెరిఫికేషన్‌వాడు అడిగేది చేరిన మూడో నెలలో.

తెలుగువాడికి ఇక్కడ ప్రత్యేకంగా రాసిపెట్టిన పరీక్ష పేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు, పాన్ కార్డులో వెనక, ఆధార్‌లో ‘కె’ అని ఒక్క అక్షరం, డిగ్రీలో ‘వెంకట’కు చివర ఒక ‘ఏ’ ఎక్కువ. వెరిఫికేషన్‌వాళ్ళ లెక్కలో వీళ్ళు నలుగురు. తమిళుల అలవాటు చూసినవాళ్ళు ఆ ‘కె’ని తండ్రి పేరనుకుని, తండ్రిని అయిదోవాడిగా చేరుస్తారు. ఆఫరు రాకముందే ఆధార్, పాన్, యూఏఎన్ మూడింటిలో పేరు అక్షరం పొల్లు పోకుండా ఒకటి చేసుకోండి. యూఏఎన్‌లో పేరు దిద్దడానికి జాయింట్ డిక్లరేషన్ అనే దరఖాస్తు పెట్టాల్సి రావచ్చు. అందులో పాత కంపెనీ సంతకం అవసరం పడితే, వాళ్ళతో పోట్లాట పెట్టుకోకముందే తెచ్చుకోవడం మేలు.

పాత కంపెనీ పీఎఫ్ రికార్డులో మీ నిష్క్రమణ తేదీ వేయడం మరిచిపోయిందనుకోండి. పీఎఫ్ ఆఖరు వాటా పడిన రెండు నెలల తర్వాత పీఎఫ్ పోర్టల్లో ‘మార్క్ ఎగ్జిట్’ నొక్కి మీరే వేసుకోవచ్చు, ఆధార్‌కు జోడించిన నంబరుకు ఓటీపీ వస్తుంది. ఆ నంబరు ఇంటర్లో కొన్న సిమ్‌ది. సిమ్ ఇప్పుడు హిందూపురంలో నాన్నగారి ఫోన్లో ఉంది. ఆయన మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా పడుకుంటారు.