మొద్దుబారిన బుర్రకూ, తగ్గిన కోరికకూ ఒకే టెస్టా?

ముప్పై అయిదు, నలభై ఏళ్ల మగవాళ్లు డాక్టర్ల దగ్గర రెండు మాటలు కలిపి చెబుతున్నారు. బుర్ర మొద్దుబారినట్టుంది, ఏ పని మీదా మనసు నిలవడం లేదన్నది మొదటిది. భార్య దగ్గరికి వెళ్లాలన్న కోరికే కలగడం లేదన్నది రెండోది, అదీ గొంతు బాగా తగ్గించి. ఇదివరకు ఈ రెండో మాట చాలామంది విషయంలో డాక్టరు దాకా వచ్చేదే కాదు. నరాల బలహీనత అని సరిపెట్టుకుని, బస్టాండు గోడల మీద రాసిన ఫోన్ నంబర్లను పట్టుకునేవారు. లైంగిక శక్తి పెంచుతామనే మందుల ప్రకటనలను 1954 నాటి చట్టమే నిషేధించినా ఆ రాతలు ఇంకా చెరిగిపోలేదు. ఇప్పుడు వాటి పక్కన కొత్త దారి ఒకటి తెరుచుకుంది. ఫోన్‌లో ప్రకటన చూసి మగవాళ్ల హార్మోన్ ప్యాకేజీ బుక్ చేస్తే, శాంపిల్ తీసుకోవడానికి ఇంటికే మనిషి వస్తాడు. రిపోర్టు వాట్సాప్‌లో పడుతుంది. టెస్టోస్టెరాన్ అంకె పక్కన ‘లో’ అని కనబడితే రెండు బాధలకూ కారణం దొరికిందనుకుంటారు.

సిగ్గు వదిలి పరీక్ష దాకా రావడం మంచి మార్పే. నా అభ్యంతరమల్లా ఆ రెండు లక్షణాలనూ ఒకే హార్మోన్‌కు కట్టేయడం మీద. కోరికకు టెస్టోస్టెరాన్‌తో గట్టి సంబంధం ఉంది. బుర్ర మొద్దుబారడానికి దానితో ఉన్న సంబంధం చాలా పలచన.

యూరప్‌లోని 8 కేంద్రాల్లో 40 నుంచి 79 ఏళ్ల వయసున్న 3,369 మంది పురుషులను పరిశీలించిన అధ్యయనం 2010లో వెలువడింది. టెస్టోస్టెరాన్ తగ్గడంతో స్పష్టంగా ముడిపడినవి అందులో మూడే: కోరిక తగ్గడం, తెల్లవారుజామున సహజంగా వచ్చే అంగస్తంభన తగ్గిపోవడం, కలయిక సమయంలో స్తంభన సరిగా లేకపోవడం. నీరసం, దిగులు లాంటివి హార్మోన్ బాగానే ఉన్నవాళ్లలోనూ బాగా కనిపించాయి. ఆ మూడు లక్షణాలూ ఉండి, హార్మోన్ కూడా నిజంగా తక్కువగా ఉన్నవాళ్లు 2.1 శాతమే తేలారు. ఆ తర్వాత అమెరికాలో 65 ఏళ్లు దాటి, హార్మోన్ తక్కువగా ఉన్న 790 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు టెస్టోస్టెరాన్ జెల్, రెండో జట్టుకు మందు లేని జెల్ ఏడాదిపాటు ఇచ్చారు. మందు వాడినవాళ్లలో కోరిక ఓ మోస్తరుగా పెరిగింది. జ్ఞాపకశక్తిలో మాత్రం తేడా రాలేదని 2017లో తేల్చారు. వాళ్లు పెద్దవయసువాళ్లు, నలభై ఏళ్ల మనిషికి ఆ ఫలితం అచ్చంగా అతకకపోవచ్చు. అయినా ఇంజెక్షన్‌తో బుర్ర చురుకెక్కుతుందని హామీ ఇవ్వడానికి గట్టి ఆధారం లేదని చెప్పడానికి ఇది చాలు.

ఇక టెస్టు చేయించే తీరు చూద్దాం. ఒక రిపోర్టులో టోటల్ టెస్టోస్టెరాన్ 270 అని ఉందనుకోండి. అమెరికా యూరాలజీ సంఘం పెట్టిన గీటు 300, కాబట్టి తక్కువే. కానీ అదే కాగితం పైమూల చిన్న అక్షరాల్లో శాంపిల్ తీసిన టైము ఉంటుంది. అది సాయంత్రం 4.40 అయితే ఆ అంకెను పక్కన పెట్టాల్సిందే. ఈ హార్మోన్ పొద్దున్నే ఎక్కువగా ఉండి, పొద్దు గడిచేకొద్దీ తగ్గుతుంది. తిండి తిన్నా తగ్గుతుంది. జ్వరంలో తగ్గుతుంది. అయిదు గంటల నిద్రతో వారం గడిపిన ఆరోగ్యవంతులైన కుర్రాళ్లలో పగటిపూట స్థాయి 10 నుంచి 15 శాతం పడిపోయినట్టు 2011లో ఒక చిన్న అధ్యయనం చూపింది. హైదరాబాద్‌లో అమెరికా టైముకు పనిచేసి, తెల్లారి క్యాబ్ దిగి, అటు నుంచి అటే రక్తం ఇచ్చేవాడి అంకెకు ఏం విలువ ఇస్తాం? హార్మోన్ వైద్య నిపుణుల సంఘమైన ఎండోక్రైన్ సొసైటీ 2018 మార్గదర్శకాలు చెప్పేది ఇదే: లక్షణాలు ఉన్నవాళ్లకే టెస్టు చేయాలి, పొద్దున్నే పరగడుపున చేయాలి, తక్కువ వస్తే మరోరోజు మళ్లీ చేయాలి. జుట్టు రాలకుండా వేసుకునే బయోటిన్ మాత్రలు కూడా కొన్ని యంత్రాల్లో ఫలితాన్ని తారుమారు చేస్తాయి. 2017లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీనిపై హెచ్చరించింది. ఇంటికి వచ్చిన ల్యాబ్ మనిషి ఈ మాత్రల సంగతి అడుగుతున్నాడా?

రెండోసారీ తక్కువే వస్తే లోపం ఎక్కడుందన్నది తేలాలి. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి ఎల్‌హెచ్ అనే హార్మోన్ పంపితే వృషణాలు టెస్టోస్టెరాన్ తయారు చేస్తాయి. ఎల్‌హెచ్ ఎక్కువగా ఉండి టెస్టోస్టెరాన్ తక్కువైతే లోపం వృషణాల్లో. రెండూ తక్కువైతే పైన, అంటే పిట్యూటరీ వైపు వెతకాలి. జిమ్‌లో కండల కోసం స్టెరాయిడ్లు వాడి మానేసిన కుర్రాళ్లు ఈ రెండో కోవలోకే వస్తారు. ఊబకాయం, షుగర్ ఉన్నవాళ్లలో హార్మోన్‌ను మోసుకెళ్లే ప్రోటీన్ తగ్గి, టోటల్ అంకె ఉన్నదానికన్నా అధ్వానంగా కనిపిస్తుంది. వాళ్లకు ఫ్రీ టెస్టోస్టెరాన్, అంటే ప్రోటీన్‌కు అంటుకోకుండా విడిగా ఉన్న హార్మోన్ లెక్క కూడా చూడాలి.

ప్రొలాక్టిన్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. పాలిచ్చే తల్లుల హార్మోన్ కదా, మగవాళ్లకెందుకని దీన్ని వదిలేస్తుంటారు. ఇది పెరిగితే కోరిక చల్లారిపోతుంది. మన ఇళ్లలో గ్యాస్ ట్రబుల్‌కు పరగడుపున వేసుకునే క్యాప్సూల్ అట్టను ఒకసారి తిప్పి చదవండి. చాలావాటిలో డాంపెరిడోన్ గానీ లెవోసల్పిరైడ్ గానీ కలిసి ఉంటుంది. రెండూ ప్రొలాక్టిన్‌ను పెంచేవే. డాక్టరు కొన్నాళ్లకని రాసిన చీటీతో మందుల షాపులో ఏళ్ల తరబడి తెచ్చుకుంటున్నవాళ్లు మనమధ్య ఎందరో. వాళ్లకు కావాల్సింది డాక్టరును అడిగి ఆ క్యాప్సూల్ మార్చుకోవడమే కావచ్చు. మందులేవీ లేకుండానే ప్రొలాక్టిన్ బాగా పెరిగితే పిట్యూటరీలో గడ్డ ఉందేమో ఎంఆర్ఐ తీయాలి. మగవాళ్లలో ఈ గడ్డ తలనొప్పి వచ్చి, పక్కలనున్నవి కనబడే చూపు తగ్గేదాకా బయటపడకపోవడం మామూలే. క్యాన్సర్ కాని ఈ గడ్డ ఎక్కువమందిలో మాత్రలతోనే లొంగుతుంది. కోరిక తగ్గిందని వచ్చినవాణ్ణి వయసు మీద పడుతోందిలే అని పంపేయకూడదన్నది ఇందుకే.

మొద్దుబారిన బుర్రకు మొదట చేయించాల్సినవి వేరే: థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్, బి12, హిమోగ్లోబిన్, మూడు నెలల షుగర్. షుగర్ మందు మెట్‌ఫార్మిన్ ఏళ్లుగా వాడేవాళ్లలో, శాకాహారుల్లో బి12 లోపం సాధారణం, ఖరీదైన ప్యాకేజీ లేకుండానే అది తెలిసిపోతుంది. నిద్రలో గట్టిగా గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడే మనిషికి పగలంతా మగతగానే ఉంటుంది. ఆ సంగతి అతనికన్నా పక్కన పడుకునే భార్యకే బాగా తెలుసు, ఆమెనూ అడగాలి. డిప్రెషన్ ఏ రక్తపరీక్షలోనూ కనిపించదు. బుర్ర పనిచేయకపోవడం, కోరిక లేకపోవడం రెండూ ఒకేసారి మొదలైతే నేను ముందు అనుమానించేది ఇలాంటివాటినే. నిద్ర, డిప్రెషన్, థైరాయిడ్ ఒక్కొక్కటీ రెంటినీ దెబ్బతీయగలవు. డిప్రెషన్‌కు వాడే కొన్ని మందులూ కోరికను తగ్గిస్తాయి, అయితే వాటిని సొంతంగా ఆపేయడం ప్రమాదం.

ఇన్ని చూశాక కూడా టెస్టోస్టెరాన్ నిజంగానే తక్కువని తేలితే మందు వాడాల్సిందే, అందులో సందేహం లేదు. 2023లో వచ్చిన, 5 వేలమందికి పైగా పురుషుల మీద జరిగిన ట్రయల్‌లో గుండెపోటు ముప్పు పెరగలేదు. గుండె లయ తప్పడం, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టడం మాత్రం కాస్త ఎక్కువగా కనిపించాయి. రక్తం చిక్కబడుతుందేమో చూసుకుంటూ ఉండాలి. పిల్లలు కావాలనుకునే మగవాళ్లకు అన్నిటికన్నా ముందు చెప్పాల్సిన మాట వేరే ఉంది. బయటినుంచి టెస్టోస్టెరాన్ అందగానే పిట్యూటరీ ఎల్‌హెచ్ పంపడం తగ్గించేస్తుంది, వీర్యకణాలు పడిపోతాయి. కొందరిలో మొత్తానికే లేకుండా పోతాయి. ఈ గుణం చూసే ప్రపంచ ఆరోగ్య సంస్థ వారం వారం టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్‌ను మగవాళ్ల గర్భనిరోధకంగా పరీక్షించి 1990లో ఫలితాలు ప్రకటించింది. పెళ్లై సంతానం కోసం ఎదురుచూస్తున్న కుర్రాడికి ఈ సంగతి చెప్పకుండా ఇంజెక్షన్ రాయకూడదు. వృషణాలచేతే హార్మోన్ తయారు చేయించే మందులు వేరే ఉన్నాయి, వాటి గురించి మొదటి డోసుకు ముందే అడగాలి.