ఖాళీ స్పిండిల్‌కి ఏ వీల్?

150 మిల్లీమీటర్ల బెంచ్ గ్రైండర్, మోటారు ఇరుసు (స్పిండిల్) రెండు కొసలకీ చెరో వీల్ బిగించేది. కుడిపక్క బూడిదరంగు రాయి ఉంది, అది అక్కడే ఉంటుందని అబ్బాయి, బాబాయి ఇద్దరూ ఒప్పుకున్నారు. ఎడమపక్క ఫినిషింగ్‌కి ఏ వీల్ వెయ్యాలన్నదే తగువు. చెయ్యాల్సిన పనులు ఇవి: కోసిన ఉక్కు పట్టీల అంచుల మీద లేచి గుచ్చుకునే బర్ తీయాలి, స్టెయిన్‌లెస్ ముక్కలకు ఒకే తీరు నునుపు తేవాలి, తుప్పు పట్టిన బోల్టులు బాగుచెయ్యాలి, ఎప్పుడైనా ఇత్తడి మెరిపించాలి. అన్నిటికీ ఒకే వీల్ చాలంటాడు అబ్బాయి. బాబాయి ససేమిరా అంటాడు.

అబ్బాయి: నాన్‌వోవెన్ వీల్ ఒకటి బిగించేద్దాం బాబాయ్. నైలాన్ పీచులో రాపిడి రేణువుల్ని రెజిన్ అనే జిగురుతో అతికించి చేస్తారు. బర్ పోతుంది, అంచు కొంచెం గుండ్రబడుతుంది, పైన సన్నటి మ్యాట్ ఫినిష్ వస్తుంది. ముక్క కొలత మాత్రం మారదు.

బాబాయి: కొలత మారదంటే లోహం పెద్దగా తియ్యదనే కదా అర్థం? గ్యాస్‌తో కోసిన ప్లేటు అంచున గడ్డకట్టిన బర్ ఉంటుంది చూడు, దాన్ని నీ నైలాన్‌కి ఆనిస్తే ముందు వీల్‌కే గాడి పడుతుంది. దానికి ఫ్లాప్ వీల్ వెయ్యాలి. ఎమెరీ గుడ్డ రేకులు వరసగా పేర్చి ఉంటాయి, అరిగేకొద్దీ కొత్త రేణువు బయటికొస్తుంది, వంపు ఉన్నచోట వంపుకి తగ్గట్టు ఒదుగుతుంది. 80 గ్రిట్‌తో మొదలుపెట్టి 240కి పోతే సరి. గ్రిట్ అంటే రేణువు సన్నదనం అంకె, పెరిగేకొద్దీ సన్నం.

అబ్బాయి: గ్యాస్ కోత గడ్డకి పక్కనే రాయి ఉంది కదా, అదెందుకున్నట్టు? నేను చెప్పేది రంపం, డ్రిల్లు, షియర్ (రేకు కత్తిరించే మిషన్) వదిలే సన్న బర్ గురించి. ఇంకోటి, ఫ్లాప్ రేకులు ఒదుగుతాయన్నావు. ఆ ఒదగడమే ఇక్కడ చేటు. ముక్కలో రంధ్రం ఉంటే రేకు అందులోకి దిగి అంచుని పళ్లెంలా పల్లం చేస్తుంది. చదును ముఖం చదునుగా మిగలదు. గట్టి నాన్‌వోవెన్ అయితే ఆ ముఖాన్ని బాగా కాపాడుతుంది.

బాబాయి: గట్టి నాన్‌వోవెన్ అన్నావు, ఎంత గట్టి? ఆ అంకె చూడకుండా కొనేవాళ్లే ఎక్కువ. గ్రిట్ ఒకటి, సాంద్రత ఇంకొకటి. సాంద్రత అంకె పెరిగేకొద్దీ వీల్ గట్టిపడుతుంది. గట్టిది బర్ బాగా కోస్తుంది, ఎక్కువ కాలం వస్తుంది, కానీ వేడెక్కిస్తుంది. మెత్తది ఆకారానికి ఒదిగి నునుపు తెస్తుంది, అయితే పదునైన అంచు తగిలితే చిరుగుతుంది. నీకు రెండూ కావాలి. ఒకే వీల్ రెండూ ఎలా ఇస్తుందిరా?

అబ్బాయి: మధ్యరకం తీసుకుంటాను.

బాబాయి: మధ్యరకం రెండిట్లోనూ మధ్యరకమే.

అబ్బాయి: రోజుకి వందల ముక్కలు చేసే ఫ్యాక్టరీకి ఆ తేడా పెద్దది. మనకి కాదు.

(ఇక్కడ అబ్బాయి మాటే నిజం. కేటలాగులు పెద్ద పనివాళ్ల కోసం రాస్తారు, చిన్న పనివాడు వాటిని చదివి భయపడతాడు.)

బాబాయి: సరే, వేగం సంగతి చూడు. మన మోటారు నిమిషానికి 2850 చుట్లు. 150 మిల్లీమీటర్ల వీల్ అంచు సెకనుకి దాదాపు 22 మీటర్లు పరిగెడుతుంది. మన మోటారుకి వేగం తగ్గించే మీట లేదు. ఆ వేగంలో గట్టిగా నొక్కితే నైలాన్, రెజిన్ కరిగి లోహం మీద మరకలా పూసుకుంటాయి. స్టెయిన్‌లెస్ మీద అది తెలిసిపోతుంది. నునుపు చేద్దామని వెళ్లి మరక తుడుచుకుంటూ కూర్చోవాలి.

అబ్బాయి: అది నొక్కేవాడి తప్పు. తేలిగ్గా ఆనించి, ముక్కని ఒకచోట ఉంచకుండా అటూ ఇటూ జరుపుతూ ఉంటే పూసుకోదు. పైగా వీల్ అరిగి 100 మిల్లీమీటర్లకి వస్తే అంచు వేగం 15 మీటర్లకి పడిపోతుంది, అప్పుడు ఇంకా చల్లగా పనిచేస్తుంది.

బాబాయి: ఇంకా నెమ్మదిగా కూడా కోస్తుంది. అది చెప్పవేం?

అబ్బాయి: చెప్పాల్సిందే, ఒప్పుకుంటున్నాను. మరి ఇత్తడి మెరుపుకి నువ్వు వాడే బట్ట బఫ్, అదే గుడ్డ చక్రం, దాని సంగతి? దానికి పూసే మెరుగు ముద్ద (కాంపౌండ్) కొవ్వు, మైనం కలిసినది. మెరిసిన ముక్కకి పెయింట్ వెయ్యాలన్నా, వెల్డింగ్ చెయ్యాలన్నా ముందు ఆ జిడ్డంతా కడగాలి. నాన్‌వోవెన్‌కి కాంపౌండ్ అక్కర్లేదు, ఆ సన్నగీతల మీద పెయింట్ కూడా బాగా పడుతుంది.

బాబాయి: ఇత్తడి అద్దంలా మెరవాలంటే నీ సన్నగీతలేం చేస్తాయి? బట్ట చక్రం, దాని మీద ముందు ట్రిపొలి అనే ముతక కాంపౌండ్, ఆ తర్వాత రూజ్ అనే సన్న కాంపౌండ్. వేరే దారి లేదు.

అబ్బాయి: ఆ మెరుపుకి బట్టే కావాలి. కానీ ఈ గ్రైండర్ మీద కాదు. షాఫ్ట్ పొట్టి, మోటారు పొట్ట అడ్డం. పొడుగు ముక్క పట్టుకుంటే వెళ్లి దానికే కొట్టుకుంటుంది. బఫ్ పైభాగంలో ముక్క అంచు తగిలిందో, చేతిలోంచి లాగేసుకుని విసిరికొడుతుంది. బఫింగ్‌కి పొడుగు షాఫ్ట్ ఉన్న మోటారు విడిగా ఉండాలి.

బాబాయి: అంచు చిక్కుకోవడం నీ వీల్‌కీ ఉంది. మధ్యరేఖకి కాస్త కింద, అంచు తిరిగే దిశకి ఎదురు రాకుండా పట్టుకోవాలి. రాయికైతే టూల్ రెస్ట్, అంటే ముక్కని ఆనించే పలక, 3 మిల్లీమీటర్లకి మించని దూరంలో ఉండాలి. మెత్తటి వీల్‌కి రెస్ట్ దగ్గరగా ఉంటే సన్న ముక్కని ఆ సందులోకి ఈడ్చేస్తుంది, కాబట్టి తీసెయ్యాలి. గార్డు మాత్రం తియ్యకు. చేతికి గ్లౌజు వద్దు, ముఖానికి షీల్డ్ కావాలి.

అబ్బాయి: ఇందులో తగువేం లేదు.

బాబాయి: అయితే అసలు తగువుకి వద్దాం. మామూలు ఉక్కు ఆనించిన వీల్‌కే స్టెయిన్‌లెస్ ఆనిస్తావా?

అబ్బాయి: ...

బాబాయి: ఉక్కు రజను వీల్‌లో ఇరుక్కుంటుంది. అక్కణ్ణించి స్టెయిన్‌లెస్ మీదికి ఎక్కి, తేమ తగలగానే ఎర్రటి చుక్కలు వేస్తుంది. జనం స్టెయిన్‌లెస్‌ని తిడతారు. తుప్పు పట్టింది పైన అంటుకున్న ఉక్కు.

అబ్బాయి: అయితే స్టెయిన్‌లెస్‌కి విడిగా ఇంకో వీల్, దాని మీద పెద్ద అక్షరాలతో రాసిపెడతాను.

బాబాయి: ఒక్క వీల్ చాలన్నది నువ్వే. రెండయ్యాయి.

అబ్బాయి: ఒకే జాతి రెండు, బాబాయ్. నీ లెక్కలో ఫ్లాప్ రెండు గ్రిట్లు, బఫ్ రెండు, తుప్పుకి తీగల వైర్ వీల్ ఒకటి. అందులోనూ స్టెయిన్‌లెస్‌వి మళ్లీ విడిగా. మార్చడానికే పూట గడుస్తుంది.

బాబాయి: మార్చేటప్పుడు చూసుకో, ఎడమవైపు నట్టుకి మర ఎదురు. మామూలుగా విప్పినట్టు తిప్పితే బిగుసుకుంటుంది. కోర్ చుట్టూ చుట్టి చేసిన నాన్‌వోవెన్ అయితే దాని మీద బాణం గుర్తు ఉంటుంది. తిరిగే దిశకి ఎదురుగా వేస్తే పొర విడిపోతుంది. కుడిపక్క బయటికి కనిపించే బాణం ఎడమపక్కకి మారిస్తే లోపలికి, మోటారు వైపుకి రావాలి.

అబ్బాయి: ఆ గొడవ లేకుండా పొరలు పేర్చి నొక్కి చేసిన రకం తెస్తాను. దాన్ని ఎటు తిప్పినా ఫర్వాలేదు. మీద రాసిన గరిష్ఠ వేగం 2850 కన్నా ఎక్కువుందో లేదో మాత్రం చూస్తాను.

బాబాయి: రంధ్రం స్పిండిల్‌కి సరిపోతుందో కూడా చూడు. వదులుంటే సందు నింపే సరైన బుష్ (గొట్టంలాంటి తొడుగు) వెయ్యాలి, కాగితం చుట్టి సర్దకు. ఇంతకీ బోల్టులు? మరలకి ఆనిస్తే నీ వీల్‌ని అవి రంపంలా కోస్తాయి. తుప్పుకి వైర్ వీలే దిక్కు.

అబ్బాయి: వైరు తుప్పు రాలుస్తుంది, నిజమే. బర్‌ని మాత్రం కొయ్యదు, మడిచి పడుకోబెడుతుంది. పైగా తెగిన తీగలు సూదుల్లా ఎగిరొస్తాయి. నాలుగు బోల్టుల కోసం దాన్ని ఎప్పుడూ ఎడమపక్క ఉంచుకోలేను. బోల్టుని వైస్‌లో బిగించి, డ్రిల్లుకి చిన్న వైర్ బ్రష్ తగిలిస్తే పోతుంది.

బాబాయి: డ్రిల్లుకైనా షీల్డ్ పెట్టుకోవాలి.

అబ్బాయి: పెట్టుకుంటాను. మధ్యరకం గట్టిదనంతో రెండు వీల్స్ రాసుకుంటున్నాను. గ్రిట్ ఫైనా, మీడియమా?

బాబాయి: ఉక్కుకి మీడియం, స్టెయిన్‌లెస్‌కి ఫైన్. పక్కన 80 గ్రిట్ ఫ్లాప్ వీల్ ఒకటి కూడా రాయి. నువ్వు వాడకపోతే నేను వాడతాను.