మా మలుపులోని మాంటిస్సోరి బోర్డుకు

గౌరవనీయులైన బోర్డు గారికి,

మహబూబ్‌నగర్‌లో మా అమ్మగారింటి మలుపులో, ఓ బడి మీద మీరు వెలిగిపోతుంటారు. పైన పెద్దక్షరాల్లో ‘మాంటిస్సోరి’, దాని కింద ‘ఐఐటీ ఫౌండేషన్’, ఇంకా కింద ‘ఏసీ బస్సు కలదు’. ఇక్కడ దుబాయ్‌లో వారమంతా అకౌంట్స్ చూసుకుంటూ, సెలవు రోజుల్లో మాంటిస్సోరి, అంటే పిల్లలు చేతులతో పని చేస్తూ తమంతట తామే నేర్చుకునే పద్ధతి, టీచర్ ట్రైనింగ్‌లో చేరాక మీ మీద గౌరవం ఇంకా పెరిగింది. నేను ఇంత అవస్థ పడి సంపాదించాల్సింది మీరు ఒక్క ఫ్లెక్సీ ఖర్చుతో సాధించారు.

మాకు మొదట్లోనే చేతికిచ్చింది గులాబీ రంగు చెక్క ఘనాలు, పది. పెద్దది 10 సెంటీమీటర్లు, చిన్నది 1 సెంటీమీటరు. రంగు ఒకటే, నునుపు ఒకటే, తేడా అంతా సైజులోనే. ఒక్కోదాన్ని పట్టుకుని చాప దాకా నడవాలి, అక్కడ పెద్దదాని మీద చిన్నది పెడుతూ గోపురంలా పేర్చాలి. మా బ్యాచ్‌లో ఒకామె, బ్యాంకు మేనేజరు, రెండు కలిపి తెచ్చేసింది. మేడమ్ ఏమీ అనలేదు. తనే లేచి, మొదటి నుంచి ఒక్కో ఘనం తెచ్చి చూపించింది. అంతకన్నా నాలుగు తిట్టినా బాగుండేది. పేర్చడంలో తప్పితే టీచర్ చెప్పక్కర్లేదు, గోపురమే వంకరగా నిలబడి చెబుతుంది.

ఆ పైన ఆల్బమ్. ఏ వస్తువు ఎందుకు, ఏ వయసుకు, ఎలా చూపించాలి, అన్నీ మనమే రాసుకోవాలి, బొమ్మలతో సహా. జగ్గులోంచి జగ్గులోకి శనగలు పోసే పాఠం రాస్తుంటే అమ్మ వీడియో కాల్‌లో చూసింది. “పోసుడు నేర్సుకునేటందుకు పైసలు కడ్తున్నవా బిడ్డా? నీ మూడేండ్లప్పుడు నేను పల్లికాయలు ఒలిపియ్యలే?” అన్నది. ఒలిపించింది. సగం నేనే తినేస్తే ఊరుకుంది కూడా. అమ్మకు డిప్లొమా లేదు, మీకూ లేదు. కాకపోతే ఆమె పని చేయించింది.

మీరు పేరు తగిలించుకున్న మరియా మాంటిస్సోరి డాక్టరమ్మ. 1907లో రోమ్‌లోని శాన్ లొరెంజో అనే పేదల వాడలో, అమ్మానాన్నలు పనికి పోతే ఆగమవుతున్న పిల్లల కోసం మొదటి బడి తెరిచింది. వలస కూలీల పాలమూరుకు ఆ కథ విడమరిచి చెప్పాలా? 1939లో మద్రాసు అడయారుకు వచ్చి టీచర్లకు శిక్షణ ఇచ్చింది. యుద్ధంలో ఇటలీ అవతలి పక్షాన చేరేసరికి బ్రిటిష్ వాళ్లు వెళ్లనివ్వలేదు, 1946 దాకా మన దేశంలోనే ఉండిపోయింది. అన్నేళ్లుండి కూడా పాపం ఆమెకు ఏసీ బస్సు ఆలోచన తట్టలేదు.

మా అన్న కొడుకు మీ నీడలోనే చదువుతున్నాడు. మూడేళ్లవాడు. బెంచీ దిగకుండా ఏ నుంచి జెడ్ దాకా కాపీరైటింగ్, ఇంటికొస్తే హోంవర్క్. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు ఒకే గదిలో కలిసి ఉండాలని మాకు చెబుతారు, పెద్దవాళ్లను చూసి చిన్నవాళ్లు నేర్చుకుంటారని. మీ దగ్గరా కలిసే ఉంటున్నారట, ఒక టీచర్ మానేసినప్పటి నుంచి.

ట్రైనింగ్‌లో అబ్జర్వేషన్ అని ఒకటుంది. తరగతిలో ఓ మూల కూర్చుని, నోరు మెదపకుండా, పిల్లలు తమంతట తాము ఏ పని ఎంచుకుంటున్నారో రాసుకోవాలి. సెలవు మీద వస్తున్నా, ఒక పూట కూర్చోనిస్తారా అని మీ ఆఫీసుకు ఫోన్ చేశాను.

“అబ్జర్వేషన్ లేదు మేడమ్, అబాకస్ ఉంది. దానికి ఫీజు వేరే” అన్నారు.

ఇట్లు,
ఆల్బమ్ ఇంకా పూర్తికాని ఓ పాలమూరు ఆడబిడ్డ