పేరింకా పెట్టని కొత్త పార్టీ గారికి

మహారాజరాజశ్రీ కొత్త పార్టీ గారికి నమస్కరించి రాయునది. ఇక్కడ మేమందరం క్షేమం. తమరు ఎన్నాళ్ళు క్షేమంగా ఉంటారన్నదే మా బెంగ.

నిన్న మధ్యాహ్నం రెండు గంటలకు పేరు, జెండా, అజెండా మూడూ ప్రకటిస్తామని వాట్సాప్‌లో పిలిచారు కదా, వచ్చాను. కల్యాణ మండపంలో ఏసీ పనిచేయలేదు, మైకు మాత్రం పనిచేసింది. నాలుగింటికి డప్పులవాళ్ళు మెట్ల మీద కూర్చుని బీడీలు ముట్టించారు. ఐదింటికి పులిహోర పొట్లాలు అయిపోయాయి. ఆరింటికి నాయకుడుగారు వేదికెక్కి, రెండు చేతులూ ఊపి, "పార్టీ పేరు ప్రకటించే తేదీని త్వరలోనే ప్రకటిస్తాం" అని ప్రకటించి వెళ్ళిపోయారు. జనం ఈలలు వేశారు. అందరికంటే గట్టిగా వేసింది నా పక్కనున్న మా బావ.

పేరు దొరక్కపోవడంలో తమరి తప్పేమీ లేదు లెండి. తెలుగు, ప్రజా, జన, రాజ్యం, సమితి, సేన... ఉన్నవే గుప్పెడు ముక్కలు, ఎంతసేపని కలుపుతారు? రంగులదీ అదే గొడవ. పసుపు, నీలం, గులాబీ, ఎరుపు, కాషాయం అన్నీ ఎవరో ఒకరు కబ్జా చేసేశారు. గుర్తు దొరికినా నిశ్చింత ఉండదు. కారుకు ఓటేయబోయి జనం రోడ్ రోలర్‌కు వేస్తున్నారని ఒకరు ఎన్నికల సంఘం దగ్గర మొత్తుకున్నారు. ఇంకొకరి గాజు గ్లాసును 2024లో కొన్నిచోట్ల ఇండిపెండెంట్ల చేతిలో పెట్టారు.

పుట్టడానికి మాత్రం ఏ అడ్డంకీ లేదు. ప్రజాప్రాతినిధ్య చట్టం 29ఎ సెక్షన్ కింద, పార్టీ పెట్టిన 30 రోజుల్లోగా దరఖాస్తు, వంద మంది సభ్యులు, పదివేల రూపాయల రుసుము, పేపర్లో ఓ ప్రకటన. మా వీధి వినాయకుడికి అంతకంటే ఎక్కువ చందా వసూలవుతుంది. అందుకే 2025 ఆగస్టులో ఎన్నికల సంఘం ఒక్క దెబ్బకు 334 పార్టీల పేర్లు కొట్టేయాల్సి వచ్చింది. ఆరేళ్ళుగా వాళ్ళు ఒక్క ఎన్నికలోనూ నిలబడలేదు, వెతుక్కుంటూ వెళితే ఆఫీసూ దొరకలేదు. ఆ లోటు తీర్చడానికి తమరు బయల్దేరారన్నమాట.

నిన్న వేదిక మీద ప్రతి వక్తా ఎన్టీఆర్ తెలుగుదేశం 1983 గెలుపు దగ్గరే తిరిగాడు. 1982 మార్చిలో పార్టీ, జనవరికల్లా అధికారం, ప్రచారానికి చైతన్య రథం. రథం గురించి చెప్పారు గానీ దానికి దారి ఎవరు వేశారో చెప్పలేదు. అంతకుముందు ఐదేళ్ళలో కాంగ్రెస్ నలుగురు ముఖ్యమంత్రులను మార్చింది. బేగంపేట విమానాశ్రయంలో రాజీవ్ గాంధీ చేతిలో ముఖ్యమంత్రి అంజయ్యగారికి జరిగిన అవమానం ఊరూరా మాట్లాడుకున్నారు. జనం అప్పటికే కోపంగా ఉన్నారు, ఎన్టీఆర్ వెళ్ళి ఆ కోపానికి ఓ పేరు పెట్టారు. నిలబడటం వేరే సంగతి. కరణం మునసబు వ్యవస్థ తీసేసి, మండలాలు పెట్టి, 1987లో ఎన్నికలు జరిపి, ఊళ్ళలో ఎన్నో కొత్త మొహాలను కుర్చీల్లో కూర్చోబెట్టారు. 1989లో పార్టీ ఓడినా ఆ మనుషులు ఊరొదిలి పోలేదు. ఈ మండలాల ముచ్చట నిన్న ఒక్కరూ ఎత్తలేదు, అందులో డైలాగుకు పనికొచ్చేదేమీ లేదు కాబట్టి.

లెక్క కూడా ఎవరూ చెప్పలేదు. 2009లో నూటికి పదహారు మంది ప్రజారాజ్యానికి ఓటేస్తే వచ్చినవి 294లో 18 సీట్లు. మజ్లిస్‌కు నూటికి ఒక్కరు కూడా వేయలేదు, పాతబస్తీలోనూ దాని చుట్టుపక్కలా ఏడు సీట్లు గెలిచింది. ఓట్లు ఊరంతా చల్లితే మొలవవు, ఒకచోట కుప్పపోసినవాడిదే సీటు. అదే ఎన్నికలో లోక్‌సత్తాను మెచ్చుకోని చదువుకున్నవాడు లేడు. సీటు మాత్రం ఒక్క కూకట్‌పల్లి. తమరు మొదటి రోజే 'అన్ని స్థానాల్లోనూ పోటీ' అన్నారు. సంతోషం.

సరే, ఇవన్నీ వదిలేద్దాం. నేను ఈ ఉత్తరం రాసింది మా బావ కోసం.

మా బావ ఇదివరకు ఒక పార్టీకి మండల కన్వీనర్. ఏ పార్టీ అని అడక్కండి, అప్పట్లో అదీ తమరిలాగే కొత్తది. సెంటర్లో సొంత డబ్బుతో జెండా దిమ్మె కట్టించాడు. వెయ్యి లెటర్‌హెడ్లు కొట్టించాడు. ఎడమ పక్క నాయకుడు, కుడి పక్క తను, కింద మెరిసే అక్షరాల్లో హోదా. పోలింగ్ రోజు ఏజెంటుగా బూత్‌లో కూర్చున్నందుకు సొంత పెదనాన్న కొడుకులే మాట్లాడటం మానేశారు. పార్టీ ఓడింది. అందుకు ఆయన ఏడవలేదు, మర్నాడే వెళ్ళి దిమ్మెకు సున్నం వేయించాడు. ఆ తర్వాతో సాయంత్రం అన్నం తింటుంటే టీవీలో కింద స్క్రోలింగ్ వచ్చింది, విలీనం అని. ఎవరితో పోట్లాడాడో వాళ్ళలోనే. పైవాళ్ళకు ఏవో పదవులు, మా బావకు 'సమన్వయ సమావేశం'. అక్కడ మధ్య కుర్చీలో కూర్చున్నది ఈయన మీద కేసు పెట్టించిన పెద్దమనిషి. మా బావకు తలుపు దగ్గర, చెయ్యి విరిగిన ప్లాస్టిక్ కుర్చీ. లెటర్‌హెడ్లు సగం అలాగే ఉన్నాయి. మా మేనకోడలు వాటి వెనక లెక్కలు చేసుకుని పదో తరగతి గట్టెక్కింది.

ఇది మా ఇంటి భాగోతమే అయితే ఊరుకునేవాణ్ణి. 1971లో తెలంగాణ ప్రజా సమితి పద్నాలుగు లోక్‌సభ స్థానాల్లో పది గెలిచి, ఆ ఏడాదే కాంగ్రెస్‌లో కలిసింది. ఓడితే కలిశారంటే అర్థం చేసుకోవచ్చు, గెలిచి కలిశారు. ప్రజారాజ్యం 2008లో తిరుపతిలో పుట్టి 2011లో అందులోకే పోయింది. అంతకుముందే నవ తెలంగాణ పార్టీ వచ్చి ప్రజారాజ్యంలో కలిసింది. వైఎస్సార్ తెలంగాణ పార్టీ 2021లో వచ్చి, 2023 ఎన్నికల్లో పోటీ కూడా చేయకుండా, 2024 జనవరిలో అదే గుమ్మం తొక్కింది.

ఎవరినడిగి కలుపుతారయ్యా? రాజ్యాంగం పదో షెడ్యూల్, అదే ఫిరాయింపుల చట్టం ప్రకారం మూడింట రెండొంతుల మంది ఎమ్మెల్యేలు ఊఁ అంటే విలీనమైనట్టే. ఓటేసిన లక్షల మందిని అడగాలని ఎక్కడా లేదు. దిమ్మె కట్టినవాడిని, బూత్‌లో కూర్చుని బంధువులను పోగొట్టుకున్నవాడిని అడగాలని అసలే లేదు. నీకు ముహూర్తం చూడ్డానికి పండితుడు కావాలి, సర్వేలకు ఢిల్లీ నుంచి టీమ్ కావాలి, జెండా మొయ్యడానికి మా బావ కావాలి. అమ్ముకునేటప్పుడు మాత్రం ఆయన గుర్తుకు రాడు. సిగ్గుండక్కర్లా?

క్షమించాలి, 'తమరు' అని మొదలుపెట్టి ఏకవచనంలోకి దిగాను.

నిలబడ్డవాళ్ళూ ఉన్నారు. టీఆర్ఎస్ 2009లో 45 చోట్ల పోటీ చేసి పదితో సరిపెట్టుకుంది, దుకాణం మాత్రం కట్టేయలేదు. వైసీపీ 2014లో ఓడింది, ఆ పైన 23 మంది ఎమ్మెల్యేలు గోడ దూకారు, అయినా 2019లో 151 తెచ్చుకుంది, 2024లో 11కి పడింది. జనసేన అధ్యక్షుడు 2019లో రెండుచోట్లా ఓడారు, రాజోలులో గెలిచిన ఒక్క ఎమ్మెల్యే కూడా అవతలి గట్టుకు జరిగాడు. ఐదేళ్ళ తర్వాత పొత్తులో 21కి 21. వాళ్ళ పాలన గురించి నా దగ్గర వేరే ఉత్తరాలున్నాయి. అవి పేజీలు ఎక్కువ, పోస్టు ఖర్చూ ఎక్కువ. కానీ ఓడిన మర్నాడు ఆఫీసు తలుపు తీసినవాళ్ళే వీళ్ళు. నిన్న మూడున్నర గంటల ఉపన్యాసాల్లో గెలిస్తే ఏం చేస్తారో చెప్పారు, మొదటి సంతకం ఎక్కడ పెడతారో చెప్పారు. ఓడితే ఆఫీసు అద్దె ఎవరు కడతారో చెప్పలేదు.

ఇంతా చూసి మా బావ నిన్న రాత్రే తమరి నంబరుకు మిస్డ్ కాల్ ఇచ్చి సభ్యుడైపోయాడు. తిట్టాను. "ఈసారి నాయకుడు చదువుకున్నాడు బామ్మర్దీ" అన్నాడు. పొద్దున్నే లెటర్‌హెడ్లు ఎక్కడ చవకో కనుక్కుంటున్నాడు. వంద చాలన్నాను, ఐదొందలకైతే రేటు తగ్గుతుందట. దిమ్మెకు సిమెంటు రేటు కూడా అడిగి వచ్చాడు.

కాబట్టి తమరిని ఒకటే కోరుకుంటున్నాను. కలిసిపోయే రోజున, టీవీవాళ్ళకు చెప్పేముందు, ఆయనకు ఫోన్ చేసి చెప్పండి. మాట్లాడటానికి మొహం చెల్లకపోతే మిస్డ్ కాల్ ఇచ్చినా చాలు.

ఇట్లు
కాబోయే మండల కన్వీనర్ గారి బావమరిది